ఖాళీగా కూర్చునే కోర్లు: డేటాబేస్ చరిత్రలో ఒక చిక్కుముడి

ఒక కార్యాలయంలో 8 కోర్లున్న పాత సర్వర్‌ను తీసివేసి, దాని స్థానంలో 32 కోర్లున్న కొత్త యంత్రాన్ని పెట్టారనుకోండి. పని కనీసం మూడింతలు వేగంగా జరుగుతుందని అందరూ ఆశిస్తారు. తీరా చూస్తే బిల్లులు దాదాపు పాత వేగంతోనే తయారవుతుంటాయి. పర్యవేక్షణ తెర తెరిచి చూస్తే కొన్ని కోర్లు ఊపిరి సలపకుండా పనిచేస్తుంటాయి, మిగిలినవి సున్నా దగ్గరే నిలిచి ఉంటాయి. యంత్రం చెడిపోలేదు. సాఫ్ట్‌వేర్‌లో పొరపాటు ఉండి తీరాలనీ లేదు. మరి ఆ కోర్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయి? ఈ పాఠంలో మనం పరిశీలించబోయే ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పాలంటే 1970ల దాకా వెనక్కి వెళ్ళాలి.

మొదట ఒక మాట స్పష్టం చేసుకుందాం. ప్రాసెసర్ చిప్పులో స్వతంత్రంగా ఆదేశాలను అమలు చేయగల ఒక పూర్తి గణన విభాగమే కోర్. 8 కోర్ల చిప్పును ఒకే గదిలో కూర్చున్న 8 మంది గుమాస్తాలుగా ఊహించుకోవచ్చు. గుమాస్తాలు ఎందరున్నా వారి ముందున్న ఖాతా పుస్తకం మాత్రం ఒక్కటే. చిక్కంతా ఆ ఒక్క పుస్తకంతోనే.

రైల్వే రిజర్వేషన్‌ను ఉదాహరణగా తీసుకోండి. సికిందరాబాద్‌లో ఒక కౌంటరు దగ్గర మీరు, విజయవాడలో మరో కౌంటరు దగ్గర ఇంకొకరు, ఒకే రైలుకు ఒకే తేదీకి టికెట్ అడిగారు. మిగిలింది ఒక్క బెర్తు. ఇద్దరు గుమాస్తాలూ ఒకే క్షణంలో పుస్తకం చూస్తే ఇద్దరికీ ఆ బెర్తు ఖాళీగానే కనిపిస్తుంది. ఇద్దరూ రాసేస్తే ప్రయాణం రోజున ఒక బెర్తు కోసం ఇద్దరు వస్తారు. కాబట్టి ఒకరు చూసి రాసేంతవరకు రెండోవారు ఆగి తీరాలి. ఈ ఆగడాన్ని బద్ధకమనీ, లోపమనీ అనుకోకండి. డేటాబేస్ మనకు ఇచ్చే మాట నిలబడేది దానివల్లనే.

ఆ మాటకు శాస్త్రీయమైన రూపం ఇచ్చినవారు ఐ.బి.ఎం. శాన్ హోసే ప్రయోగశాల పరిశోధకులు. 1976లో కె. పి. ఈశ్వరన్, జిమ్ గ్రే, రేమండ్ లోరీ, ఇర్వింగ్ ట్రైగర్ కలిసి ప్రచురించిన వ్యాసంలో రెండు దశల తాళాల నియమం కనిపిస్తుంది. ఒక లావాదేవీ తనకు కావలసిన వరుసలకు తాళాలు వేసుకుంటూ పోవచ్చు. కాని ఒక్క తాళం విడిచిన తరువాత మళ్ళీ కొత్త తాళం వేయరాదు. అందరూ ఈ ఒక్క నియమం పాటిస్తే, ఎన్ని లావాదేవీలు కలగాపులగంగా సాగినా, చివరి ఫలితం అవి ఒకదాని తరువాత ఒకటి జరిగినట్లే ఉంటుందని వారు నిరూపించారు. బ్యాంకులు, రైళ్ళు, విమానాలు దశాబ్దాలపాటు ఆధారపడింది ఇటువంటి పునాది మీదనే. గ్రేకు 1998 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది. 2007 జనవరిలో ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో తీరం నుంచి ఒంటరిగా పడవలో వెళ్ళి సముద్రంలో అదృశ్యమయ్యారు.

తాళాలతో పాటు మరో రెండు ఏర్పాట్లు ఉన్నాయి. వాటిని తెలుసుకోకపోతే తరువాతి కథ అర్థం కాదు.

మొదటిది చిట్టా. మన పాత షావుకార్ల దుకాణాల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. జరిగినది జరిగినట్లు ముందు చిట్టాలోకి ఎక్కించి, తరువాత పద్దులవారీగా ఆవర్జాలోకి దింపేవారు. డేటాబేస్ కూడా అదే చేస్తుంది. అసలు పట్టికను డిస్కు మీద మార్చేముందు, ఏం మార్చబోతున్నదో చిట్టాలో రాసి భద్రపరుస్తుంది. మధ్యలో కరెంటు పోయినా చిట్టా చూసి లెక్క సరిచేయవచ్చు. ఈ పద్ధతిని సమగ్రంగా తీర్చిదిద్దిన ఏరీస్ అనే విధానాన్ని 1992లో ఐ.బి.ఎం.లోని సి. మోహన్, ఆయన సహచరులు ప్రచురించారు. మోహన్ మద్రాసు ఐ.ఐ.టి.లో చదివినవారు. చిట్టాలో ప్రతి నమోదుకూ ఒక వరుస సంఖ్య ఉంటుంది. వరుస అన్న మాట గుర్తుంచుకోండి. ఎంతమంది గుమాస్తాలున్నా, చిట్టా చివరి గీత మీద ఒకసారి ఒక్కరే కలం పెట్టగలరు.

రెండోది గొళ్ళెం. తాళం వేసేది ఖాతాదారుడి సమాచారానికి, అది లావాదేవీ పూర్తయ్యేదాకా ఉంటుంది. గొళ్ళెం వేసేది డేటాబేస్ తన లోపలి సామగ్రికి: మెమరీలోని పుటల జాబితా, తాళాల పట్టిక, సూచిక చెట్టులోని కొమ్మలు. ఒక కోర్ ఆ జాబితాను సవరిస్తుండగా మరొకటి చదివితే అంతా తారుమారవుతుంది. కనుక సెకనులో కొన్ని లక్షలవ వంతు కాలం గొళ్ళెం పెట్టి, పని కాగానే తీస్తారు. ఇంత చిన్న వ్యవధి ఎవరికి అడ్డు వస్తుంది?

1980లలో ఎవరికీ అడ్డు రాలేదు. అప్పటి యంత్రాల్లో ఎక్కువభాగం ఒకే ప్రాసెసర్ ఉన్నవి. ఒక లావాదేవీ డిస్కు కోసం ఎదురుచూస్తుంటే ఇంకొకటి ప్రాసెసర్ మీదికి వచ్చేది. డిస్కు నుంచి ఒక పుట రావడానికి సెకనులో వందో వంతు పట్టే కాలంలో గొళ్ళెం గురించి బాధపడడమంటే, సికిందరాబాద్ నుంచి ఢిల్లీ ప్రయాణంలో స్టేషను మెట్లు ఎక్కడానికి పట్టిన సమయాన్ని లెక్కపెట్టడమే. అందుకే ఆనాటి రచయితలు మొత్తం మెమరీ జాబితాకు ఒకే గొళ్ళెం, మొత్తం తాళాల పట్టికకు ఒకే గొళ్ళెం పెట్టి ఊరుకున్నారు. వారిని తప్పుపట్టడం అన్యాయమని నా అభిప్రాయం. ఆనాటి యంత్రానికి అదే సరైన నిర్ణయం.

అయితే హెచ్చరిక లేకపోలేదు. ఐ.బి.ఎం. సిస్టం 360 రూపశిల్పుల్లో ఒకరైన జీన్ ఆమ్‌డాల్ 1967లో ఒక సమావేశంలో, అనేక ప్రాసెసర్లను జోడించి వేగం సాధిస్తామనేవారికి అభ్యంతరం చెప్పారు. పనిలో కొంత భాగం ఎప్పుడూ వరుసగానే జరగాలి, ఆ భాగమే చివరికి హద్దు అవుతుంది అన్నది ఆయన వాదం. తరువాతివారు దానిని ఒక సూత్రంగా రాసుకొని ఆమ్‌డాల్ నియమం అన్నారు.

కాగితం తీసుకొని మీరే లెక్క వేయండి. ఒక పనిలో నూటికి 10 పాళ్ళు వరుసగా జరగక తప్పదు, మిగిలిన 90 పాళ్ళు ఎందరైనా పంచుకోవచ్చు అనుకుందాం. 4 కోర్లు పెడితే వేగం సుమారు 3 రెట్లు. 16 పెడితే 6.4 రెట్లు. 64 పెడితే 8.8 రెట్లు. కోర్లు వెయ్యి చేసినా, లక్ష చేసినా 10 రెట్లు దాటదు. 16 నుంచి 64కు వెళ్ళినప్పుడు 48 కోర్లు అదనంగా కొన్నాం. దక్కింది రెండున్నర రెట్ల కన్నా తక్కువ. మొదటి పేరాలోని కార్యాలయానికి జరిగింది చాలావరకు ఇదే.

ఆమ్‌డాల్ మాట మూడు దశాబ్దాలకు పైగా సామాన్య సర్వర్లను బాధించలేదు. ఎందుకంటే కోర్లు పెంచవలసిన అవసరమే రాలేదు. ట్రాన్సిస్టర్లను చిన్నవి చేస్తే అవి వేగంగానూ, అదే నిష్పత్తిలో తక్కువ విద్యుత్తుతోనూ పనిచేస్తాయని 1974లో ఐ.బి.ఎం.కు చెందిన రాబర్ట్ డెనార్డ్ బృందం చూపించింది. చిప్పు పరిశ్రమ ఆ దారిలోనే నడిచింది. ప్రాసెసర్ గడియారం 1980లలోని కొన్ని మెగాహెర్ట్జ్‌ల నుంచి 2002 చివరికి 3 గిగాహెర్ట్జ్‌లు దాటింది. ప్రోగ్రామర్ ఒక్క వాక్యం మార్చకపోయినా రెండేళ్ళు ఆగితే అతని ప్రోగ్రాం వేగం పుంజుకునేది. ఇంత సుఖమైన కాలం కంప్యూటర్ రంగం మళ్ళీ చూడలేదు.

ఆ సుఖం ముగిసింది 2004లో. ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవైన కొద్దీ విద్యుత్తు కారిపోవడం, వేడెక్కడం మొదలైంది. 4 గిగాహెర్ట్జ్‌ల పెంటియం 4ను తెస్తామన్న ఇంటెల్ ఆ ఏడాది ఆ ఆలోచన మానుకుంది. ఇక మిగిలిన దారి ఒక్కటే: ఒక గుమాస్తా వేగం పెంచలేకపోతే గుమాస్తాల సంఖ్య పెంచడం. ఐ.బి.ఎం. 2001లోనే పవర్ 4 అనే రెండు కోర్ల చిప్పు తెచ్చింది. 2005లో ఇంటెల్, ఏ.ఎం.డి. రెండూ రెండు కోర్ల చిప్పులు అమ్మసాగాయి. అదే సంవత్సరం చివర సన్ మైక్రోసిస్టమ్స్ నయాగరా అనే మారుపేరుతో రూపొందించిన చిప్పులో 8 కోర్లు, ఒక్కొక్క దానిలో 4 చొప్పున మొత్తం 32 పనులు ఒకేసారి సాగే ఏర్పాటు ఉంది.

డేటాబేస్ వారు మొదట్లో దీనికి పెద్దగా కంగారు పడలేదు. వారి ధీమాకు కారణం ఉంది. పనిని పంచుకోవడంలో వారు అప్పటికే మిగిలిన రంగాలకన్నా ముందున్నారు. టెరాడేటా సంస్థ 1984లోనే అనేక ప్రాసెసర్లతో పనిచేసే డేటాబేస్ యంత్రాన్ని అమ్మింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డివిట్ బృందం గామా అనే ప్రయోగాత్మక వ్యవస్థను నిర్మించింది. 1992లో డివిట్, గ్రే కలిసి రాసిన వ్యాసం, సమాంతర డేటాబేస్ విజయవంతమైందని ధైర్యంగా ప్రకటించింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. నిరుడు ఏ రైలుకు ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయో లెక్క తీయమంటే పుస్తకాన్ని పది ముక్కలు చేసి పదిమందికి పంచవచ్చు. ఎవరూ దేనినీ మార్చడం లేదు, చివర కూడిక ఒక్కటే. డివిట్, గ్రే గెలుపు అటువంటి పనిలో, అదీ ఒక్కొక్క ప్రాసెసర్‌కు సొంత మెమరీ, సొంత డిస్కు ఉన్న యంత్రాలతో. వేలమంది ఒకే మెమరీలోని ఒకే పుస్తకంలో చిన్న చిన్న మార్పులు చేసే టికెట్ పని వేరు. పాత గొళ్ళేలన్నీ కాచుకొని ఉన్నది అక్కడే.

వాటిని బయటపెట్టిన ప్రయోగం 2009లో వెలువడింది. ర్యాన్ జాన్సన్, అనస్తాసియా ఐలమాకీ, వారి సహచరులు నయాగరా చిప్పు ఉన్న సన్ యంత్రం మీద, స్వేచ్ఛగా లభించే నాలుగు డేటాబేస్ ఇంజన్లను నడిపి చూశారు: షోర్, బర్క్‌లీ డీబీ, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్. పని మోసే దారాలను ఒకటి నుంచి 32 దాకా పెంచుకుంటూ పోయారు. నాలుగింటిలో ఏ ఒక్కటీ 32 వరకు సాఫీగా పెరగలేదు. కొంతదూరం పెరిగి ఆగిపోవడమే కాదు, దారాలు పెంచినకొద్దీ పని తగ్గిన సందర్భాలూ కనిపించాయి. ఆమ్‌డాల్ లెక్కలో వేగం పెరగడం ఆగుతుందే గాని తగ్గదు. తగ్గడానికి కారణం గొళ్ళెం దగ్గర తోపులాట. గొళ్ళెం ఉన్న మెమరీ ముక్క ఒక కోర్ నుంచి మరో కోర్‌కు బంతిలా తిరుగుతుంది. నిరీక్షిస్తున్న కోర్లు పదేపదే తొంగిచూడడంతో గొళ్ళెం తీయవలసినవాడికే దారి ఇరుకవుతుంది. సినిమా టికెట్ల కిటికీ దగ్గర గుంపును చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఆ బృందం షోర్ ఇంజన్‌లో ఒక్కొక్క అడ్డంకిని వెతికి తొలగించింది. ఒకటి తీస్తే దాని వెనుక మరొకటి బయటపడింది.

ఇంతకు ఒక సంవత్సరం ముందు, 2008లో, స్టావ్రోస్ హారిజోపౌలోస్, డేనియల్ అబాడీ, శామ్యూల్ మాడెన్, మైకేల్ స్టోన్‌బ్రేకర్ ఇంకో ప్రశ్న వేశారు. ఒక లావాదేవీకి ప్రాసెసర్ ఖర్చుచేసే ఆదేశాల్లో అసలు పనికి పోయేవి ఎన్ని? అదే షోర్‌ను విడదీసి కొలిచారు. మెమరీ పుటల నిర్వహణకు దాదాపు మూడో వంతు, తాళాలకు, గొళ్ళేలకు, చిట్టాకు తలా కొంత పోగా, వారు పరిశీలించిన ఒక లావాదేవీలో అసలు పనికి మిగిలింది నూటికి సుమారు 7 పాళ్ళు. సమాచారమంతా మెమరీలో పట్టే రోజుల్లో ఇంత బరువు ఎందుకు మోయాలన్నది వారి వాదన. స్టోన్‌బ్రేకర్ బృందం చూపిన మార్గం విచిత్రమైనది: పుస్తకాన్ని కోర్లకు ముక్కలుగా పంచండి, ఒక్కొక్క ముక్కకు ఒక్క గుమాస్తానే పెట్టండి, అప్పుడు ఆ ముక్కలో తాళం, గొళ్ళెం రెండూ అక్కరలేదు.

మన రైల్వేలు మరో కారణంతో ఇటువంటి దారిలోనే నడిచాయి. 1985లో ఢిల్లీలో మొదలైన కంప్యూటర్ రిజర్వేషన్ తరువాత కలకత్తా, బొంబాయి, మద్రాసు, సికిందరాబాద్ కేంద్రాలకు విస్తరించింది. ఏ కేంద్రం రైళ్ళ బెర్తుల లెక్క ఆ కేంద్రంలోనే ఉండేది. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం తయారుచేసిన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను మొదట 1994లో సికిందరాబాద్‌లో అమర్చారు. 1999 నాటికి ఐదు కేంద్రాలూ దానితో అనుసంధానమయ్యాయి. హౌరా రైలు కోసం జరిగే తోపులాట సికిందరాబాద్ రైలు బెర్తులను తాకదు. అయితే ఒకే రైలుకు అందరూ ఎగబడితే ఈ విభజన ఏమీ చేయలేదు. పండుగల ముందు జరిగేది అదే కదా.

షోర్ ప్రయోగం తరువాత డేటాబేస్ సంస్థలు తమ ఇంటిని సర్దుకోక తప్పలేదు. 2012లో వెలువడిన పోస్ట్‌గ్రెస్ 9.2 చదివే పనుల్లో 64 కోర్ల దాకా దాదాపు సమంగా పెరగగలిగింది. మైఎస్‌క్యూఎల్ వారు తమ ఇంజన్‌లోని ఒక పెద్ద గొళ్ళేన్ని చిన్నవాటిగా విడగొట్టారు. 2013లో వెలువడిన సైలో అనే పరిశోధన వ్యవస్థ, అందరూ తాకే చోటు ఒక్కటీ లేకుండా రూపొంది, 32 కోర్ల యంత్రం మీద సెకనుకు దాదాపు 7 లక్షల లావాదేవీలు నడిపింది. అంతటితో సమస్య తీరిందనుకుంటే పొరపాటు. మరుసటి సంవత్సరమే స్టోన్‌బ్రేకర్, యాండీ పావ్లో తదితరులు 1024 కోర్ల చిప్పును కంప్యూటర్‌లో ఊహామాత్రంగా నిర్మించి, ఏడు రకాల నియంత్రణ పద్ధతులను దాని మీద పరీక్షించారు. ఏడూ ఏదో ఒక కారణంతో విఫలమయ్యాయి.

ఇంతవరకు చెప్పుకున్నది అనేకమంది ఒకేసారి పనిచేసే సందర్భం. మీరొక్కరే ఒక పెద్ద ప్రశ్న అడిగినప్పుడు కూడా ఒకే కోర్ పనిచేసి తక్కినవి చూస్తూ ఉండవచ్చు. చాలా డేటాబేస్‌లలో ఒక ప్రశ్నకు ఒక పనివాడు అన్నదే మూల నిర్మాణం. పోస్ట్‌గ్రెస్ ఒక ప్రశ్నను పలువురికి పంచడం నేర్చింది 2016లో, 9.6తో. మైఎస్‌క్యూఎల్‌లో ఇప్పటికీ చాలా ప్రశ్నలు ఒకే దారం మీద సాగుతాయి. పంచగలిగినవి కూడా అన్నిసార్లూ పంచవు. పనిని విడదీసి, పనివారిని లేపి, ఫలితాలు కలపడానికి ఖర్చవుతుంది కనుక, ప్రశ్న చిన్నదని తోస్తే ఒక్కరికే అప్పగిస్తాయి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఈ నిర్ణయానికి ఒక అంచనా విలువ ఉంది. 1990ల నాటి యంత్రాలను చూసి 5 అని నిర్ణయించినది చాలాకాలం అలాగే వస్తోంది. అది మరీ తక్కువని, పెంచుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు. అంటే వీరు కావాలనే కోర్లను కొన్ని పనులకు దూరంగా ఉంచుతున్నారన్నమాట.

ఆపరేటింగ్ సిస్టం హద్దులు కూడా ఉన్నాయి. 64 బిట్ల విండోస్ ప్రాసెసర్లను 64 మించని గుంపులుగా చూస్తుంది. ఈ గుంపుల సంగతి తెలియకుండా రాసిన ప్రోగ్రాం చాలాకాలం ఒకే గుంపులో ఉండిపోయేది.

ఇక చివరి కారణానికి ప్రాసెసర్‌తో గాని, తాళాలతో గాని సంబంధం లేదు. అది ధర. చిప్పుకు ఒక కోర్ ఉన్న రోజుల్లో లైసెన్సు రుసుమును చిప్పుల లెక్కన వసూలు చేసేవారు. రెండు కోర్ల చిప్పు రాగానే గొడవ మొదలైంది: ఇది ఒకటా, రెండా? మైక్రోసాఫ్ట్ 2004లో చిప్పునే లెక్కిస్తామంది. ఒరాకిల్ కోర్లను లెక్కిస్తామంది. కొనుగోలుదారులు ఆక్షేపించగా, 2005లో ఒక్కొక్క కోర్‌ను మొదట ముప్పాతికగా, ఆ ఏడాది చివర ఇంటెల్, ఏ.ఎం.డి. చిప్పులకు అరగా లెక్కించింది. ముప్పాతిక కోర్ అన్న వస్తువు ఏ చిప్పులోనూ ఉండదు, రసీదులో మాత్రమే ఉంటుంది. కోర్లు పదుల్లోకి వెళ్ళాక మైక్రోసాఫ్ట్ కూడా 2012 సంచిక నుంచి కోర్ల లెక్కకే వచ్చింది.

దానితో పాటు తక్కువ ధర సంచికలకు హద్దులు పెట్టారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ స్టాండర్డ్ సంచిక 2012లో 4 సాకెట్లు లేదా 16 కోర్లు, ఏది తక్కువైతే అది మాత్రమే వాడేది. 2016లో ఆ సంఖ్యను 24కు, 2025లో 32కు పెంచారు. ఉచితంగా ఇచ్చే ఎక్స్‌ప్రెస్ సంచికకు ఒక సాకెట్ లేదా 4 కోర్లు. ఒరాకిల్ 2015లో తెచ్చిన స్టాండర్డ్ ఎడిషన్ 2 ఒకేసారి 16 ప్రాసెసర్ దారాలకు మించి వాడదు. మీరు 64 కోర్ల యంత్రం కొన్నా అంతే.

ఈ హద్దులో ఒక ఉచ్చు ఉంది, ప్రత్యేకంగా చెబుతాను. వర్చువల్ యంత్రానికి 16 కోర్లు కేటాయించేటప్పుడు, వాటిని 16 సాకెట్లుగా, సాకెట్‌కు ఒక కోర్ చొప్పున చూపించే అవకాశం ఉంది. కేటాయించేవారికి అది తేడాలేని విషయంగా కనిపిస్తుంది. స్టాండర్డ్ సంచిక మాత్రం 4 సాకెట్లు లెక్కపెట్టి, అంటే 4 కోర్లు తీసుకొని, మిగిలిన 12 వదిలేస్తుంది. లైసెన్సు సొమ్ము పదహారింటికీ చెల్లించి ఉంటారు. అదే యంత్రాన్ని 2 సాకెట్లు, 8 కోర్లుగా మార్చి చూపిస్తే పదహారూ పనిలోకి వస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ప్రారంభమయ్యేటప్పుడు తాను ఎన్ని ప్రాసెసర్లను చూసిందో, లైసెన్సు ప్రకారం ఎన్నిటిని వాడుతోందో తన దోష చిట్టాలో ఒక వాక్యం రాస్తుంది. కొత్త యంత్రం కొనే దస్త్రం మీద సంతకం పెట్టేముందు ఆ వాక్యం చదవమని మీ కార్యాలయంలో అడగండి. తెర మీద కొన్ని కోర్లు అచ్చంగా సున్నా చూపిస్తుంటే లైసెన్సునో, అమరికనో అనుమానించాలి. అన్నీ కొద్దికొద్దిగా కదులుతూ పని ముందుకు సాగకపోతే తాళాల దగ్గరో, చిట్టా దగ్గరో, డిస్కు దగ్గరో వరుస ఉందన్నమాట. మొదటిదానికి మందు గంటలో దొరకవచ్చు. రెండోదానికి ఎన్ని కోర్లు కొన్నా దొరకదు.

అన్ని కోర్లూ వాడాలన్న పట్టుదల అసలే లేని డేటాబేస్‌లు కూడా ఉన్నాయి. 2009లో వచ్చిన రెడిస్ ఆదేశాలను ఒకే దారం మీద ఒకదాని తరువాత ఒకటిగా అమలు చేస్తుంది. 2000లో రిచర్డ్ హిప్ విడుదల చేసిన ఎస్‌క్యూలైట్ ఒక డేటాబేస్ ఫైలులో ఒకసారి ఒక్కరినే రాయనిస్తుంది. రెండోవారు ఆగవలసిందే. మీ చేతిలోని ఫోనులో 8 కోర్లు ఉండవచ్చు. మీ పరిచయస్థుల నంబర్లు, సందేశాలు చాలావరకు భద్రంగా ఉన్నది ఎస్‌క్యూలైట్‌లోనే.